తెలిసినా నోరు విప్పలేని పిల్లలు

విద్యాసంవత్సరం ఆరంభమయ్యే రోజులలో అమలాపురం, రావులపాలెం బస్సు ప్రాంగణాలలో ఒక గంట సేపు నిలబడి చూస్తే చాలు, కోనసీమ పిల్లల ప్రయాణం ఎంతటిదో అర్థమవుతుంది. ట్రంకు పెట్టెల స్థానంలో చక్రాల సూట్‌కేసులు వచ్చాయి గాని మిగిలిన సామానంతా పాతదే. చుట్టిన పరుపు, ఆవకాయ సీసా, కొబ్బరి ఉండల డబ్బా, ఆత్రేయపురం పూతరేకులు. రాజోలు, మలికిపురం వైపు వారు చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా పోతారు. అమలాపురం వారు ఎదుర్లంక వంతెన దాటి యానాం, కాకినాడ చేరుకుంటారు. కొత్తపేట వారికి రావులపాలెం మీదుగా రాజమహేంద్రవరం దారి. అమలాపురానికి నేటికీ రైలు లేదు. ఏ విశ్వవిద్యాలయానికి పోవాలన్నా ముందుగా గోదావరి పాయ ఒకటి దాటక తప్పదు.

దాటిన తరువాత ఏమవుతుందన్నదే ఈ నెల మా అంశం. అందరి పిల్లల గురించీ కాదు. చొరవ గల పిల్లలు ఎక్కడ వేసినా మొలకెత్తుతారు, వారికి మా సలహా అవసరం లేదు. మేము రాస్తున్నది బిడియస్తుల గురించి. 'మా వాడికి నోట్లో నాలుక లేదండీ' అని తల్లిదండ్రులు ముచ్చటగా చెప్పుకునే పిల్లల గురించి. ఆ ముచ్చట ఇంటర్మీడియట్ వరకే సాగుతుంది. ఊళ్ళోని కళాశాలలో ఆ పిల్లవాడు ఫలానా వారి అబ్బాయి. అధ్యాపకునికి వాళ్ళ తాత తెలుసు. అడగకపోయినా పని జరిగిపోతుంది. విశ్వవిద్యాలయంలో అతడు ఒక నమోదు సంఖ్య. అడగనివాని పని అక్కడ ఎవరూ చేసిపెట్టరు. అది అక్కడివారి దుర్మార్గం కాదు, అక్కడి పద్ధతి.

రాజోలు ప్రాంతపు ఒక కుటుంబం ఉదంతం మా దృష్టికి వచ్చింది. తండ్రి కువైట్‌లో వాహన చోదకుడు. తల్లి ఇక్కడ ఇద్దరు పిల్లలతో ఉంటున్నది. పెద్దవాడు చదువులో చురుకైనవాడు. ఇంటికి దూరంగా ఒక విశ్వవిద్యాలయంలో చేరాడు. మొదటి సెమిస్టర్ ముగిసి సంక్రాంతి సెలవులకు వచ్చినవాడు ఇక తిరిగి వెళ్ళనన్నాడు. కారణం అడిగితే చెప్పడు. పది రోజుల తరువాత తల్లి దగ్గర కొంచెం కొంచెంగా బయటపెట్టాడు. వసతిగృహంలో వండే మాంసం హలాలా కాదా అని అడగడానికి మొహమాటపడి, నాలుగు నెలలూ మజ్జిగన్నంతో గడిపాడట. పరీక్ష రుసుము కట్టే గడువు తేదీ ఎవరినీ అడగలేక జరిమానాతో కట్టాడట. తరగతిలో ఒకసారి లేచి సమాధానం చెప్పబోయి 'ఆయ్' అన్నందుకు వెనుక బల్లల వారు నవ్వారట. ఆ తరువాత హాజరు పిలిచేటప్పుడు తప్ప నోరు తెరవలేదు. ఒక్కొక్కటి విడిగా చూస్తే ఎంత చిన్నవో గమనించండి. అన్నీ కలిసి ఒక చదువును ముంచేయడానికి సిద్ధమయ్యాయి.

శుక్రవారం కువైట్‌లో సెలవు గనుక తండ్రి ఆ రోజే తీరికగా ఫోను చేసేవాడు. 'బాగున్నావా?' అంటే 'బాగున్నాను అబ్బా' అనేవాడు. పరాయి దేశంలో ఎండకు మాడుతున్న తండ్రికి తన మజ్జిగన్నం గురించి చెప్పడానికి ఆ పిల్లవానికి మనసొప్పలేదు. గల్ఫ్ సంపాదన మీద చదువుకునే ఇళ్ళు మన కోనసీమలో అనేకం. ఆ ఇళ్ళ పిల్లల మౌనంలో సగం బిడియమైతే సగం ప్రేమ. ఈ సంగతి తెలియని పెద్దలు దానిని పొగరనో, బద్ధకమనో అనుకుంటారు.

బిడియానికి తోడు భాష వచ్చి చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 విద్యాసంవత్సరం నుండి డిగ్రీ చదువులన్నీ ఇంగ్లీషు మాధ్యమంలోకి మారాయి. మన ఇళ్ళలో కొందరిది ఉర్దూ, కొందరిది తెలుగు, వీధిలో అందరిదీ గోదావరి యాస. ప్రశ్న మనసులో ఒక భాషలో పుడుతుంది, దానిని మరొక భాషలోకి మార్చుకునే లోపల అధ్యాపకుడు తరువాతి పాఠంలోకి వెళ్ళిపోతాడు. సమస్య తెలివిలో ఉందని పిల్లవాడు అనుకుంటాడు. ఉన్నది అనువాదంలో జరిగే ఆలస్యం మాత్రమే.

ఇక బిడియం విషయంలో మన ధర్మం ఏమి చెబుతున్నదో చూద్దాం. ఈ చోట మన ఉపన్యాసకులు తరచుగా ఒక సగమే చెప్పి ఊరుకుంటారన్నది మా అభిప్రాయం. హయా, అనగా లజ్జ, బిడియం, విశ్వాసంలో ఒక భాగమని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) బోధించారు. అన్సారీలలో ఒక వ్యక్తి తన సోదరుణ్ణి అతిగా బిడియపడుతున్నావని మందలిస్తుండగా ఆయన అటుగా వెళ్ళడం, అతణ్ణి వదిలిపెట్టమని వారించడం బుఖారీ గ్రంథంలో నమోదైంది. బిడియస్తుణ్ణి నలుగురిలో దెప్పిపొడిచే తండ్రులూ, మేనమామలూ ఈ హదీసును రోజుకొకసారి గుర్తు చేసుకోవాలి. పక్కింటి వాడితో పోల్చినందువల్ల ఏ పిల్లవానికీ నోరు రాలేదు.

ఆ హదీసును మనకు అందించినవారు హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి). ఆయన అందించిన మరొక హదీసు కూడా అదే గ్రంథంలో ఉంది. మదర్సాలలో దానిని పాఠంగా చెప్పేటప్పుడు మేము ఎప్పుడూ కొంత ఎక్కువ సమయం తీసుకుంటాము. దైవప్రవక్త (స) ఒకనాడు సహచరులను ఒక ప్రశ్న అడిగారు. ఆకులు రాలని ఒక చెట్టు ఉంది, అది విశ్వాసికి ఉపమానం, అదేదో చెప్పండి అన్నారు. అందరి ఆలోచనలూ ఎడారి చెట్ల మీదికి పోయాయి. అది ఖర్జూరపు చెట్టు అని ఇబ్ను ఉమర్ మనసుకు తట్టింది. కాని ఆ సభలో ఆయన అందరికంటే చిన్నవాడు. అబూబక్ర్ (రజి), ఉమర్ (రజి) వంటి పెద్దలే మౌనంగా ఉన్నారు. బిడియపడి ఊరుకున్నారు. చివరికి దైవప్రవక్త (స) తామే సమాధానం చెప్పారు. తరువాత ఆ సంగతి తండ్రికి చెప్పుకోగా, నీవు ఆ మాట చెప్పి ఉంటే నాకు ఫలానా ఫలానా సంపదల కంటే అది ప్రియమై ఉండేదని హజ్రత్ ఉమర్ (రజి) అన్నారు.

మన కొబ్బరి చెట్టు లాగే ఖర్జూరం కూడా కొమ్మలు లేకుండా నిటారుగా ఎదిగే చెట్టు. కోనసీమ పిల్లవాడికి ఆ ప్రశ్న వేసి ఉంటే బహుశా ఇట్టే చెప్పేవాడు. మనసులోనే చెప్పేవాడని మా అనుమానం.

ఈ హదీసులో తండ్రి తీరు చూడండి. కొడుకు మౌనానికి ఉమర్ (రజి) శిక్షించలేదు, అవమానించలేదు. ఎంత కఠినులో చరిత్రకు తెలిసిన ఆయన, కొడుకు దగ్గర తన కోరికను మాత్రం చెప్పారు. నీ నోటి నుండి వినాలని నాకు ఉండెను అన్న భావం తప్ప మరేమీ లేదు. ఆ రోజు నోరు విప్పని ఆ బాలుడే తరువాత రెండు వేల ఆరు వందలకు పైగా హదీసులను సమాజానికి అందించారు. హజ్రత్ అబూ హురైరా (రజి) తరువాత అత్యధిక హదీసులు ఆయనవే. తన బిడియపు కథను కూడా దాచుకోకుండా ఆయనే చెప్పారు కనుక మనకు తెలిసింది.

కాబట్టి బిడియం గుణమా, దోషమా? చెడు చేయకుండా ఆపేది గుణం. నేర్చుకోకుండా, హక్కు అడగకుండా, బాధ్యత నిర్వర్తించకుండా ఆపేది అసలు హయా కాదనీ, అది బలహీనత అనీ ఇమామ్ నవవీ వంటి వ్యాఖ్యాతలు విడదీసి చెప్పారు. బిడియపడేవాడూ అహంకరించేవాడూ విద్య నేర్వలేరని తాబయీ పండితులైన ముజాహిద్ చెప్పిన మాటను ఇమామ్ బుఖారీ విద్యా ప్రకరణంలోనే చేర్చారు. ఆ ఇద్దరినీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టడం మొదట మనకు కటువుగా తోస్తుంది. కాని ఫలితం ఒకటే గదా, ఇద్దరూ అడగరు.

ఆడపిల్లల విషయం ఇంకా సున్నితమైనది. అమ్మాయి బిడియాన్ని ఇంట్లో అందరూ మెచ్చుకుంటారు, అదే బిడియంతో ఆమె తరగతిలో వెనుకబడితే 'చదివింది చాలు' అని సంబంధాలు చూడడం మొదలుపెడతారు. మెచ్చుకున్న గుణాన్నే నేరంగా మార్చి శిక్ష వేయడం న్యాయమా? దివ్య ఖుర్‌ఆన్‌లోని అల్ ఖసస్ సూరాలో మద్‌యన్ బావి దగ్గరి ఇద్దరు అక్కచెల్లెళ్ళ వృత్తాంతం ఉంది. కాపరుల గుంపులోకి చొరబడక పక్కన నిలబడ్డారు. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) సంగతేమిటని అడిగితే మాత్రం తడుముకోకుండా, తండ్రి వృద్ధుడనీ కాపరులు వెళ్ళేదాకా తాము నీళ్ళు పెట్టలేమనీ రెండే మాటల్లో చెప్పారు. ఆ తరువాత వారిలో ఒకామె సిగ్గుపడుతూ నడచి వచ్చిందని ఖుర్‌ఆన్ ప్రత్యేకంగా పేర్కొన్నది. సిగ్గుపడుతూనే వచ్చింది, తండ్రి పంపిన కబురు పూర్తిగా చెప్పింది. ఇతనిని పనిలో పెట్టుకోమని తండ్రికి సలహా ఇచ్చింది కూడా ఆ ఇంటి ఆడపిల్లే. అన్సారీ స్త్రీలను వారి సిగ్గు ధర్మం నేర్చుకోకుండా ఆపలేదని హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్న సంగతీ మనకు తెలిసినదే. పరదా పాటించే అమ్మాయి ప్రయోగశాలలో చేయెత్తి సందేహం అడగడం వల్ల ఆమె హయాకు లోటు రాదు.

అడగాలని తెలుసు, ఎలా అడగాలన్నదే చిక్కు అంటారు పిల్లలు. నిజమే. ఇక్కడ మా మదర్సాల పాత పద్ధతులు రెండు విశ్వవిద్యాలయ విద్యార్థులకు పనికివస్తాయని మా నమ్మకం.

మొదటిది తక్రార్. ఉస్తాద్ ఉదయం చెప్పిన పాఠాన్ని రాత్రి ఇషా తరువాత ముగ్గురో నలుగురో కూర్చుని, వారిలో ఒకరు ఉస్తాద్ లాగా మళ్ళీ చెబుతారు, మిగిలినవారు అడ్డుతగులుతూ ప్రశ్నిస్తారు. మాట రానివాణ్ణి కూడా వంతు వచ్చినప్పుడు వదలరు. ముగ్గురి ముందు తడబడితే నష్టమేమీ లేదు. నెల రోజులు ఇలా సాగితే ఆ నలుగురూ స్నేహితులైపోతారు. స్నేహం చేయడానికి ప్రత్యేకంగా ఏం మాట్లాడాలో తెలియక సతమతమయ్యే పిల్లవానికి పాఠం కంటే మంచి నెపం ఏముంది? వసతిగృహం మేడ మీద, చాప పరిచి, పక్క గది వాళ్ళు ఇద్దరితో మొదలుపెట్టవచ్చు. వారు ఏ మతస్తులైనా సరే. ఇంగ్లీషు పాఠాన్ని తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చెప్పుకుంటే పైన చెప్పిన అనువాదపు ఆలస్యం కూడా తగ్గుతుంది.

రెండవది అంజుమన్. మదర్సాలలో గురువారం సాయంత్రం విద్యార్థులే సభ జరుపుకుని వంతులవారీగా ప్రసంగిస్తారు. కొత్త పిల్లవానికి మొదటి వారం ప్రసంగం ఉండదు. సభ పేరు ప్రకటించడమో, నాత్ చదివేవారిని పిలవడమో, అంత పనే. తరువాత అయిదు నిమిషాలు కాగితం చూసి చదవడం. ఆ తరువాత కాగితం లేకుండా. మెట్లు చిన్నవి గనుక ఎవరూ పడరు. విశ్వవిద్యాలయంలోనూ ఇటువంటి చిన్న మెట్లు వెతుక్కోవాలి. 1969లో మొదలైన జాతీయ సేవా పథకం దాదాపు ప్రతి కళాశాలలోనూ ఉంది. మొక్క నాటేటప్పుడు, రక్తదాన శిబిరంలో బల్లలు సర్దేటప్పుడు చేతులు పనిలో ఉంటాయి, మాటలు వాటంతటవే వస్తాయి. బిడియస్తులకు ముఖాముఖి సంభాషణ కంటే పక్కపక్కన పనిచేయడం సులువు.

అప్పటికీ నోరు రాకపోతే మరొకరి నోరు అరువు తీసుకోవడం తప్పు కాదు. ఫిరౌను దర్బారుకు వెళ్ళమని ఆజ్ఞ అయినప్పుడు హజ్రత్ మూసా (అ) తన హృదయాన్ని విశాలం చేయమనీ, నాలుక ముడి విప్పమనీ వేడుకున్నారు. అంతటితో ఆగక, తనకంటే ధారాళంగా మాట్లాడగల సోదరుడు హారూన్‌ను తోడు ఇమ్మని కూడా అడిగారు. ఆ వేడుకోలు మన్నించబడింది. హజ్రత్ అలీ (రజి) ఒక శుద్ధి నియమం విషయంలో, దైవప్రవక్త (స) తమకు మామగారు కావడం చేత స్వయంగా అడగడానికి బిడియపడి మిఖ్దాద్ (రజి) చేత అడిగించారు. బిడియం బిడియంగానే ఉన్నది, తెలుసుకోవలసినది తెలుసుకున్నారు. విద్యార్థి కూడా అధ్యాపకునికి ఒక చీటీ రాసి ఇవ్వవచ్చు, తరగతి అయ్యాక వరండాలో ఒంటరిగా అడగవచ్చు, స్నేహితుని వెంట తీసుకుపోవచ్చు. వంటవారిని హలాల్ సంగతి అడగడానికి ముస్లిం విద్యార్థులు ఇద్దరు కలిసి వెళితే అది రెండు నిమిషాల పని.

మన దేశంలో అందరికీ తెలిసిన బిడియస్తుడు ఒకరున్నారు. లండన్‌లో న్యాయశాస్త్రం చదివే రోజులలో గాంధీజీ శాకాహారుల సంఘంలో సభ్యునిగా ఉండి కూడా మాట్లాడలేకపోయేవారు. ఒక వివాదంలో తన అభిప్రాయం కాగితం మీద రాసుకుని వెళ్ళి, అది కూడా చదవలేక మరొకరు చదువుతుంటే కూర్చున్నారు. బొంబాయి న్యాయస్థానంలో తొలి కేసులో లేచి నిలబడి ప్రశ్న తోచక, రుసుము తిరిగి ఇచ్చి వచ్చేశారు. 1893లో దాదా అబ్దుల్లా సంస్థ పని మీద దక్షిణాఫ్రికా వెళ్ళారు. తన జీవితంలో మొదటి బహిరంగ ప్రసంగమని ఆయన చెప్పుకున్నది ప్రిటోరియాలో, ఒక హాజీ గారి ఇంట్లో, ఎక్కువ మంది మేమన్ ముస్లిం వర్తకులే కూర్చున్న సభలో జరిగింది. విషయం వ్యాపారంలో సత్యసంధత. ముందుగా బాగా సిద్ధమై వెళ్ళారు, చెప్పవలసిన అవసరం ఉన్న మాట చెప్పారు. తన బిడియం వల్ల మాటల పొదుపు అలవడిందని తరువాత రాసుకున్నారు కూడా.

మన ఎదుర్లంక వంతెనకు ఎవరి పేరు పెట్టారో ఆ బాలయోగి గారు ఆ నదీతీర గ్రామం నుండే చదువుకోవడానికి బయలుదేరి, 1998లో లోక్‌సభ సభాపతి అయ్యారు. సభాపతి పనిలో అధిక భాగం ఇతరులు చెప్పేది వినడమేనని మేము మా విద్యార్థులకు చెబుతుంటాము. వినడం వచ్చినవాని స్థానం తక్కువది కాదు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. బిడియం వేరు, వ్యాధి వేరు. నలుగురిలోకి వెళ్ళాలంటే చేతులు వణకడం, గుండె దడ, భోజనశాలకు పోలేక పస్తులుండడం, వారాల తరబడి తరగతులు ఎగవేయడం, నిద్ర పోవడం, బతుకు మీద విరక్తి మాటలు, ఇవి కనిపిస్తే ఆలస్యం చేయకండి. గాలి సోకిందనీ, దిష్టి తగిలిందనీ తిరుగుతూ నెలలు పోగొట్టకండి. ప్రతి రోగానికీ మందు ఉంది, వైద్యం చేయించుకోండి అన్నది ప్రవక్త ఆదేశం. మనసు రోగానికీ అది వర్తిస్తుంది. ప్రభుత్వ టెలీమానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు తీసుకోరు. ముఖం చూపనవసరం లేదు గనుక బిడియస్తులకు అది మరీ అనుకూలం.

అలాగే మౌనంగా ఉండే పిల్లవాణ్ణి ర్యాగింగ్ చేసేవారు త్వరగా కనిపెడతారు. మన రాష్ట్రంలో 1997 నుండి దానిని నిషేధించే చట్టం ఉంది. 1800-180-5522 అనే జాతీయ సహాయ నంబరు రాత్రింబవళ్ళు పనిచేస్తుంది. చేరేటప్పుడు తల్లిదండ్రుల చేత కూడా హామీ పత్రం మీద సంతకం చేయిస్తారు. అది ఏమిటో చదవకుండా సంతకం పెట్టేవారే ఎక్కువ. చదివి, పిల్లలకు విప్పి చెప్పండి.

రాజోలు కుటుంబం సంగతి అడుగుతారని తెలుసు. ఆ పిల్లవాడు సెలవులు ముగిసిన వారానికి తిరిగి వెళ్ళాడు. ఒంటరిగా కాదు, వాళ్ళ చిన్నమామ వెంట వెళ్ళి రెండు రోజులు ఉన్నాడు. భోజనశాల వారితో మాట్లాడాడు, విభాగాధిపతిని కలిపించాడు, హాజరు ఎంత తగ్గిందో లెక్క చూసుకుని నూటికి 75 చేరడానికి ఇంకా ఎన్ని తరగతులు కావాలో కాగితం మీద రాయించాడు. తండ్రి ఇప్పుడు 'బాగున్నావా' అని అడగడం లేదు. 'ఈ రోజు ఏం తిన్నావు? ఎవరితో తిన్నావు?' అని అడుగుతున్నాడు. ఆ ప్రశ్నకు ఒక్క మాటతో సమాధానం చెప్పి తప్పించుకోవడం కుదరదు. చదువు గట్టెక్కుతుందో లేదో ఇంకా చెప్పలేము. రెండవ సెమిస్టర్ నడుస్తున్నది.

చివరగా, విశాఖపట్నం, కాకినాడ, రాజమహేంద్రవరం మసీదు కమిటీల పెద్దలకు ఒక మనవి. జుమా నమాజుకు వచ్చి వెనుక వరుసలో చేరి, సలామ్ తిప్పగానే చెప్పులు వెతుక్కునే కొత్త కుర్రవాళ్ళు మీకు కనబడుతుంటారు. వారంతట వారు మిమ్మల్ని పలకరించరు. మీలో ఒకరు గుమ్మం దగ్గర నిలబడి, ఏ ఊరు బాబూ అని అడిగి పేరు రాసుకోండి. తరువాతి శుక్రవారం ఆ పేరుతోనే పిలవండి. వీలైతే ఆ మధ్యాహ్నం ఇంటికి భోజనానికి తీసుకువెళ్ళండి. చేపల పులుసు వండిస్తే మరీ మంచిది, మా కోనసీమ పిల్లలకు అది దొరక్క చాలా రోజులయి ఉంటుంది.